తీపి పోయాక మిగిలిన పండు

బీరంటే చేదు. ముప్ఫై ఏళ్లుగా నాకు తెలిసింది అంతే. మొన్న వేసవిలో బెర్లిన్‌లో, చెస్ట్‌నట్ చెట్ల నీడలో చెక్కబల్ల ముందు కూర్చోబెట్టి మా అన్నయ్య ఆ లెక్క చెరిపేశాడు.

మొదట వచ్చింది కాడ మీద నిలబెట్టిన వెడల్పాటి గిన్నెలాంటి గ్లాసు. అందులో లేత గడ్డిరంగు బీరు, కాస్త మసగ్గా. "సిరప్ తర్వాత. ముందు ఉత్తదే తాగరా" అన్నాడు. తాగాను. పులుపు! చింతపండుది కాదు, నిమ్మదీ కాదు. అమ్మమ్మ తరవాణి కుండలో పైకి తేరిన నీళ్ల పులుపు! దాని పేరు బెర్లినర్ వైసె. బార్లీ మాల్టుకి గోధుమ మాల్టు దండిగా కలిపి, ఈస్టుతో పాటు లాక్టోబాసిలస్‌నీ పనిలో పెడతారు. మన పాలు తోడుకునేదీ, తరవాణి పులిసేదీ ఆ సూక్ష్మజీవుల చుట్టాల వల్లే. ఆల్కహాల్ 3 శాతం చిల్లర, అంతే. నెపోలియన్ సైనికులు దీన్ని ఉత్తరాది షాంపేన్ అన్నారని అక్కడ చెప్పుకుంటారు. నాలుక మీద ఆ బుడగల చిటపట చూస్తే నాకూ నమ్మాలనిపించింది.

తర్వాత ఎర్రది, పచ్చది. ఎర్రదాంట్లో రాస్ప్‌బెర్రీ సిరప్. కంటికి ఎంత ముచ్చటో! కానీ రెండో గుక్కకే తీపి పైకొచ్చి గోధుమని నొక్కేసింది. పదికి ఐదిచ్చాను. పచ్చదాంట్లో పండే లేదు, వాల్డ్‌మైస్టర్ అనే అడవి మొక్క రుచి. కోసిన గడ్డి ఎండలో ఆరుతున్నప్పటి వాసన. దానికి ఏడు.

నాలుగోది బెల్జియం తెల్ల బీరు. హోగార్డెన్ ఊళ్లో దీన్ని కాచేవాళ్లే లేకుండా పోతే, పియెర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో మళ్లీ మొదలుపెట్టాడట. ఇందులో నారింజ తొక్కా, ధనియాలూ వేస్తారు. బీరులో ధనియాలు! ఎనిమిది.

చివరికి అన్నయ్య ఒక చిన్న సీసా తీశాడు. వైసెలోనే రాస్ప్‌బెర్రీ పండ్లు వేసి నెలల తరబడి మాగబెట్టినదట. మూత తియ్యగానే బుట్టెడు పండ్లు బల్ల మీద బోర్లించినంత వాసన. నోరంతా తీపికి సిద్ధమైపోయింది. గుక్క వేస్తే తీపి చుక్కైనా లేదు! పండులోని చక్కెరంతా ఈస్టు తినేసింది. మిగిలింది వాసనా, పులుపూ, గింజల దగ్గర దాగుండే ఆ సన్నటి వగరూ. నేరేడు పండు మింగేశాక నాలుక మీద నిలిచేది ఉంటుందే, అలాంటిది. ఇన్నాళ్లూ పండు రుచి అనుకున్నది దాని చక్కెరనే అని అప్పుడు తెలిసింది. ఆ వగరు కూడా మెల్లగా జారాక, అడుగునుంచి కలిపిన చపాతీ పిండి వాసన లేచింది. గోధుమ! పండు వెళ్లిపోయేదాకా ఆగి మరీ వచ్చింది.

పది. ఇంకో మాట లేదు.

ఆ గుక్కతో నా కొలతే మారింది. పండు ఎంత గట్టిగా పలికిందో చూడటం మానేసి, అది పోయాక గోధుమ వస్తుందా అని కాచుకున్నాను. ఎర్రది మళ్లీ తెప్పించి సిరప్ సగమే పోయించుకున్నాను. వచ్చింది, సన్నగా. ఐదు కొట్టేసి ఏడు వేశాను.

చిన్న సీసా అడుగున ఈస్టు మడ్డితో మిగిలిన ఆఖరి గుక్క అన్నయ్య నాకే వదిలేశాడు. అది అయిపోయాక కూడా గ్లాసు ముక్కు దగ్గరే పట్టుకుని కూర్చున్నాను. లోపల రాస్ప్‌బెర్రీ ఇంకా ఉంది.