బాతెల్ కాకులు, మన చెరువు శిఖం

సియాటెల్ పక్కన బాతెల్‌లో పని చేస్తున్న మేము నలుగురం నెలకొక ఆదివారం పోయే చోటు గురించి రాస్తున్నాం. టికెట్ లేదు, పైసా ఖర్చు లేదు.

యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బాతెల్, కాస్కేడియా కాలేజీ ఒకే జాగాలో ఉంటాయి. పక్కనే నార్త్ క్రీక్ వాగు, 58 ఎకరాల తడి నేల. ఒకప్పుడు అక్కడ పశువుల ఫారం ఉండేది. వాగును తిన్నగా కాలువ చేసి, నేల ఆరబెట్టి పశువులను మేపారు. 1990ల చివర్లో క్యాంపస్ కట్టేటప్పుడు కొంత తడి నేల పోయింది. దానికి బదులుగా మిగిలినదాన్ని బాగు చేశారు. వాగుకు మళ్లీ వంకరలు తవ్వారు, ఇక్కడి చెట్లే నాటారు. సైట్ మీద పని చేసేవాళ్లం కాబట్టి మాకు ఇది తొందరగా అర్థమైంది. నీళ్లను తిన్నగా పంపితే జోరు పెరిగి గట్టు కోస్తది. వంకర ఉంటే నెమ్మదిస్తది, మట్టి దిగుతది, నేల తాగుతది.

చలికాలం సాయంత్రం పోతే కాకులు చూడాలి. చుట్టుపక్కల ఊర్లన్నిటి నుంచి పొద్దుగూకే వేళకు వచ్చి ఆ చెట్ల మీద వాలుతాయి. ఎక్కువగా వచ్చే రోజుల్లో 16,000 దాకా ఉంటాయట. ఇది కాకి లెక్క కాదు, నిజం లెక్కే. మాలో ఒకాయన వాళ్ల నాయన పోయినప్పుడు ఇంటికి పోలేకపోయిండు. ఆ రోజు ఆయన ఏమీ మాట్లాడలేదు, చీకటి పడేదాకా అట్లనే నిలబడ్డడు. మేమూ నిలబడ్డాం.

దగ్గర్లోనే నార్త్ క్రీక్ ఫారెస్ట్ ఉంది, 64 ఎకరాలు. అక్కడ వాలంటీర్లు హిమాలయన్ బ్లాక్‌బెర్రీ కంప పీకుతారు. పేరుకే హిమాలయ, దాని సొంతూరు ఆర్మీనియా వైపు. 1885లో పండ్ల కోసం అమెరికాలో అమ్మకానికి పెడితే వాగులన్నీ కమ్మేసింది. మన చెరువుల్లో సర్కారు తుమ్మ ఉన్నట్టే. అది అమెరికా ఖండం నుంచి మన దగ్గరికి వచ్చింది. పైన కోస్తే లాభం లేదు, వేరు గడ్డ తవ్వి తీయాలి. గడ్డపార పట్టినోళ్లకు కొత్త పని కాదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, ఊరి నుంచి మనకు ఫోన్లు వస్తున్నాయి. "చెరువు పక్కన ప్లాటు, తక్కువల వస్తుంది, పైసలు పంపు" అని. ఇక్కడ పోయిన తడి నేలను తిరిగి తేవడానికి ఎంత తవ్వారో, ఎన్ని చెట్లు నాటారో చూస్తున్నాం. అక్కడ మన చెమట పైసలతోనే చెరువులు పూడుతున్నాయి. వానకాలంలో నీళ్లు తమ జాగా వెతుక్కుంటూ వస్తాయి. 2024లో హైదరాబాద్‌లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ లోపల కట్టినవి కూల్చడం మనమంతా ఫోన్లలో చూసినం.

అందుకే పైసలు పంపే ముందు సర్వే నంబరు అడగండి. శిఖం భూమా, ఎఫ్‌టీఎల్ లోపలనా, బయటనా అని ఇంట్లోవాళ్లను ఆఫీసుకు పంపి కనుక్కోండి. ఇరవై ఏండ్ల కష్టం ఒక్క వానకు పోవద్దు.

బాతెల్ చుట్టుపక్కల ఉన్నోళ్లు కామెంట్ పెట్టండి, కలిసి పోదాం. వాన కోటు, గట్టి బూట్లు వేసుకుని రండి. పులిహోర మేము తెస్తాం.