ఇంకా పద్దెనిమిది కోళ్లు

పొద్దున గంప లేపగానే కోళ్లు బయటికి ఉరికే తీరు చూస్తే పెళ్లి బస్సు తలుపు తీసినట్టుంటుంది. ఆ రోజు నాలుగు ఉరికాయి. ఐదోది, బూడిదరంగు పెట్ట, గంప కింద ఉన్నచోటే నిలబడిపోయింది. ఈకలు ఉబ్బించి, మెడ లోపలికి లాక్కుని, చలికాలం బస్టాండులో దుప్పటి కప్పుకుని కూచున్న ముసలాయనలా ఉంది. నూకలు చల్లాను. నాలుగూ ఎగబడ్డాయి. ఇది ఒక్క నూకను ముక్కుతో ముట్టి, తిన్నట్టు నటించి, వదిలేసింది.

ఈ నటనలో కోడి ఆరితేరింది. నీరసపడ్డ కోడిని తోటి కోళ్లే పొడిచి పక్కకు నెడతాయి. గద్ద కన్ను కూడా ముందు దానిమీదే పడుతుంది. అందుకని ఓపిక ఉన్నంతసేపు అది అందరితో పాటే తిరుగుతుంది, మేస్తున్నట్టే నేలను పొడుస్తుంది. మన కంటపడేసరికి రోగం పాతబడి ఉంటుంది.

మాది నారాయణఖేడ్. వాడుకలో ఖేడ్ అంటే చాలు. ఇటు కర్ణాటక, అటు మహారాష్ట్ర దగ్గర కావడంతో ఒకే వాడలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నడుస్తాయి. గంట తిరక్కుండానే నా కోడికి నాలుగు భాషల్లో రోగ నిర్ణయం జరిగింది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు నులిపురుగులన్నారు. మిరియాలు, ఎల్లిగడ్డ, పసుపు కలిపి ఉండ మింగించమన్నారు ఇంకొకరు. పక్కింటి అవ్వ రెక్క కింద చెయ్యి పెట్టి, "పెయ్యంత కాలుతున్నది బిడ్డా, జరమొచ్చింది" అంది. ఆటో నడిపే తమ్ముడు మాత్రం బండి ఆపకుండానే తేల్చేశాడు: "ఇంకేం సూస్తరు సారూ, కోసెయ్యుండ్రి. రేపటికి కూరకు గూడ పనికిరాదు."

అవ్వ మాట తర్వాత కనుక్కున్నాను. కోడి ఒళ్లు ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. దాని మామూలు వేడే 41 డిగ్రీల సెల్సియస్ పైమాట, అంటే ఫారన్‌హీటులో 106. ఆ లెక్కన మనిషి చేతికి ప్రతి కోడీ జ్వరంతోనే ఉన్నట్టు. ఆటో తమ్ముడి మాట కొట్టిపారేయలేం. తరతరాలుగా పెరటి కోడికి మనం చేస్తున్న వైద్యం అదే. కానీ తెగులు తగిలిన కోడిని కోసి, ఆ ఈకలూ పేగులూ పెంటకుప్ప మీద పారేస్తే వాడంతటికీ తెగులు పంచినట్టేనని అప్పుడు నాకు తెలియదు.

ఒడిలో పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను. తలమీద జుట్టు పాలిపోలేదు, నీలంగానూ మారలేదు. పాలిపోతే పేలో పురుగులో రక్తం తాగుతున్నట్టు, నీలమైతే ఊపిరికో గుండెకో ఇబ్బంది. తోక కింద ఈకలు విడదీసి చూశాను, పేలు లేవు. రెట్ట కొంచెమే ఉంది, ఆకుపచ్చగా. తిండి దిగని కోడి రెట్ట ఆ రంగులోనే ఉంటుంది. (రోజుకు ఒకటి రెండుసార్లు బంకలా, చాక్లెట్ రంగులో, ముక్కు మూసుకోవాల్సిన వాసనతో వేసే రెట్ట చూసి మాత్రం కంగారు పడకండి. నిక్షేపంలాంటి కోళ్లు కూడా అలా వేస్తాయి.) చివరికి మెడ కింద, రొమ్ముకు కాస్త కుడివైపున ఉండే మేతసంచి తడిమాను. సాయంత్రం అది నిండుగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ కావాలి. దీనిది పొద్దున ఏడింటికి గోళీల సంచిలా గట్టిగా ఉంది.

అసలు సంగతి అక్కడ ఉంది. రాత్రి తిన్నది దిగలేదు. రెండు రోజులు గింజలు బంద్ పెట్టాను. ఇంకు ఫిల్లరుతో ముక్కు పక్కనుంచి కొద్దికొద్దిగా గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల నూనె. రోజుకు నాలుగుసార్లు ఆ ముద్దను వేళ్లతో మెల్లగా పిసకడం. అవ్వ వచ్చి కాళ్లు పట్టుకుని తలకిందులు చేస్తే అదే కక్కుతుందంది. వేలాడదీసేలోపే లాక్కున్నాను. కక్కినది ఊపిరిగొట్టంలోకి పోతే కోడి చేతుల్లోనే పోతుంది.

మూడో రోజుకూ ముద్ద కదల్లేదు. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, తెలంగాణలో 2017 నుంచి ఆ బండ్లు తిరుగుతున్నాయి. బర్రె కోసమైతే చేసేవాణ్నే. కోడి కోసం చెయ్యాలంటే సిగ్గేసింది. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, కోడిని అందులో పెట్టి, నేనే ఒక పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోయాను. నా ముందు వరుసలో రెండు ఎడ్లు, ఒక మేక ఉన్నాయి. ఎడ్ల ఆసామి పెట్టెలోకి తొంగి చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

డాక్టరు తడిమి చూసి నవ్వలేదు. మెడ కింద నాలుగు ఈకలు పీకి, మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి చిమటాతో లాగాడు. ముందు గడ్డిపోచలు, వాటి వెనుక యూరియా సంచి పోగులు. తెల్లటి ప్లాస్టిక్ దారాలు గడ్డితో పేనుకుని జానెడు తాడైపోయాయి. ఆ సంచి నాదే. ఎండ తిని చివికిపోతే కోళ్లగూటికి పరదాగా కట్టింది నేనే. తర్వాత రెండు వరసల కుట్లు వేశాడు, లోపల సంచికి ఒకటి, పైన తోలుకు ఒకటి. పది నిమిషాల పని. "వారం దాకా జావే పొయ్యండి. మందతో కలపకండి" అన్నాడు.

ఆ వారం మా ఇంట్లో జొన్నజావ ముందు కోడికి, తర్వాత మాకు. "మనింట్ల జరమొస్తే నాకెప్పుడన్న కాసినవా?" అని ఇంటావిడ అడిగింది. జవాబు లేదు. కోడి ఖరీదు ఐదారు వందలు. రానుపోను ఆటోకి, మందులకి, కుట్లకి అంతకంటే ఎక్కువే అయింది. పదో రోజున అది గంపలోంచి అందరికంటే ముందు ఉరికింది. పరదా చింపి పొయ్యిలో వేశాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరే వేళ కోళ్లకు గత్తరొచ్చింది. పుస్తకాలు దీన్ని కొక్కెర తెగులంటాయి, డాక్టర్లు రాణీఖేత్ అంటారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ జావాలోనూ బయటపడ్డ ఈ రోగం, మరుసటి ఏడు హిమాలయాల్లోని రాణీఖేత్‌లో కనిపించింది. అలా ఆ చల్లని ఊరి పేరు మన కోళ్ల చావుకు అంటుకుంది. ముందు గురక, తర్వాత పచ్చని, తెల్లని నీళ్ల విరేచనాలు, రెక్కలు వేలాడటం, బతికి ఉన్నవాటికి మెడ వెనక్కి మెలితిరగడం. మందు లేదు. వెనుక వీధిలో మొదటి కోడి తూలగానే మిగతావి సంతకు పోయాయి. తెగులును ఊరూరా మోసేది గాలి కంటే మన సంచులే. వారం తిరిగేసరికి నా ఐదింట్లో ఒకటే మిగిలింది. అది బూడిద పెట్ట కాదు. వారమంతా జావ పోసి సాకిన కోడి మూడు రోజుల్లో పోయింది. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాను.

కుట్లు వేసిన డాక్టరునే అడిగాను, నేనేం చూడలేకపోయానని. "చూసేటందుకు ఏముంది, టీకా ఇప్పించాలె" అన్నాడు. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క, కంట్లోనో ముక్కులోనో. ఎనిమిది వారాలు దాటినవాటికి రెక్క కింద తోలులోకి ఆర్‌టూబీ సూది. ఆ టీకా తయారైంది ఉత్తరాది కొండల్లోని ముక్తేశ్వర్‌లో, మన దేశపు పాత పశువైద్య పరిశోధనశాలలో. కొత్తదేం కాదు, మా నాన్న కాలం నుంచీ ఉన్నదే. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, వనరాజా, గ్రామప్రియ కోళ్లు అక్కడివే. సరిహద్దు దాటితే బీదరులో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. ఈ రెంటికీ నడుమ ఉన్న నా పెరట్లో ఒక్క కోడికీ సూది పడలేదు.

ఎందుకు పడలేదంటే, సీసా మూలంగా. ఒక సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది. ఐస్‌లో పెట్టి తేవాలి, నీళ్లు కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. ఐదు కోళ్ల కోసం ఎవరు తెస్తారు? అమ్మేవాడూ తెరవడు, నేనూ అడగలేదు. మేతసంచిలో దారాలు చిక్కితే నా కోడిని నేనొక్కణ్నే చూసుకోగలిగాను. తెగులుకు టీకా మాత్రం వాడకొక సీసా చొప్పునే దొరుకుతుంది.

అందుకని పోయిన వారం నోటుపుస్తకం పట్టుకుని పదకొండు ఇళ్లు తిరిగాను. అవ్వవి ఆరు. ఆటో తమ్ముడివి తొమ్మిది, పోచమ్మకు మొక్కిన పుంజుతో కలిపి. ఎడ్ల ఆసామి మా వెనుక వీధేనట, ఆయనవి పద్నాలుగు. కొత్తగా తెచ్చిన మూడింటితో నావి నాలుగు. మొత్తం ఎనభై రెండు తేలాయి.

వచ్చే ఆదివారం తెల్లవారుజామున సూదులు. నీరసంగా ఉన్నవాటిని విడిగా ఉంచండి, టీకా ఆరోగ్యంగా ఉన్నవాటికే. గంపలు మాత్రం నేను వచ్చేదాకా లేపకండి, ఒకసారి ఉరికాయంటే పట్టుకోవడం మన వల్ల కాదు. ఇంకా పద్దెనిమిది కోళ్లకు మందు ఉంది.