మూడో రోజే కదిలిన ట్రాము

హిరోషిమాలో ట్రాము ఎక్కినవాళ్లకు 'గెంబాకు డోమ్ మాయె' అనే స్టేషన్‌ వస్తుంది. అణుబాంబు గోపురం ఎదుట అని ఆ మాటలకు అర్థం. దిగి రోడ్డు దాటితే చాలు... పెచ్చులూడిన గోడలు, ఇనుప చట్రమే మిగిలిన గుమ్మటం!

చెక్ ఆర్కిటెక్టు యాన్ లెట్జెల్ డిజైన్‌తో 1915లో కట్టిన ప్రదర్శనశాల అది. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కి బాంబు దాదాపు దాని నెత్తినే పేలింది. లోపలున్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఏడాది చివరికి నగరంలో మృతులు సుమారు 1,40,000 మంది. ఆ శిథిలాన్ని కూల్చేయాలని కొందరన్నా, ఉంచాలనే 1966లో నగర మండలి తీర్మానించింది. 1996లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

పక్కనే నడిచే ట్రాములదీ ఓ కథే. మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో అప్పట్లో బడి వయసు ఆడపిల్లలే కండక్టర్లుగా, డ్రైవర్లుగా పనిచేసేవారు. వాళ్లలోనూ ఎందరో పోయారు. అయినా బాంబు పడిన మూడో రోజే, ఆగస్టు 9న, కొద్దిదూరమైనా ట్రాము కదిలింది! నాడు దెబ్బతిన్న 651, 652 నంబరు ట్రాములు మరమ్మతయ్యాక దశాబ్దాలపాటు జనాన్ని మోశాయి.

గోపురాన్ని బాగుచేయకుండా అలాగే ఉంచారు. ట్రాముల్ని బాగుచేసి నడిపారు. ఆ ఊరు బతికిన తీరు తెలియాలంటే రెండూ చూడాలి.