తెలుగు మీదుగా ఫ్రెంచ్

ఎండాకాలంలో కెనడాలోని బ్రాంప్టన్‌లో రాత్రి తొమ్మిదైతే జనగామలో పొద్దున ఆరున్నర. అక్కడ డ్యూటీ దిగి వచ్చిన పిల్లలు అన్నం తిని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఇక్కడ నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని క్లాసు మొదలుపెడతాను. ఒకరిది జనగామ, ఒకరిది మానుకోట దగ్గర తండా, ఇంకొకరిది భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్స్. ఇంగ్లిష్ పరీక్ష ఎప్పుడో రాసేశారు. వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతోంది, శాశ్వత నివాసానికి పాయింట్లు చాలడం లేదు. అందుకే ఫ్రెంచ్.

పాయింట్లను బట్టి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కెనడా 2023లో ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా డ్రాలు తీయడం మొదలుపెట్టింది. 2025 మార్చి 21న తీసిన డ్రాలో 7,500 మందిని పిలిస్తే కటాఫ్ 379 దగ్గర ఆగింది. ఆ ఏడు కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ల డ్రాలు 500 పైనే నడిచాయి. ఈ తేడా చూసినవాళ్లకు నిద్ర పట్టదు. టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా అని రెండు పరీక్షలున్నాయి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ కెనడా కొలతలో ఏడో స్థాయి రావాలి. యూరప్ కొలతలో అది బీ2. సున్నా నుంచి బీ2 దాకా పోవడానికి సుమారు 500 నుంచి 600 గంటల చదువు అని సాధారణంగా లెక్క వేస్తారు. మూడు నెలల్లో గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి. అప్పు చేసి ఫీజు కట్టిన ఇళ్లు నాకు తెలుసు.

మన దగ్గర ఫ్రెంచ్‌ని ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చెబుతారు. పుస్తకాలు, యాప్‌లు, వీడియోలు దాదాపు అన్నీ అంతే. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్‌తో కుస్తీ పట్టి బయటపడ్డ పిల్లవాడికి ఇది రెండు వాగులు దాటడమే. ఫ్రెంచ్‌ని తెలుగులోనే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను, అలాగే చెబుతున్నాను.

ముందు నాలుక సంగతి. ఫ్రెంచ్‌లో త, ద మన త, ద లాగానే పళ్లకు తగిలి పలుకుతాయి. ప, క కూడా గాలి ఊదకుండా మనం పలికినట్టే. కానీ ఇంగ్లిష్ మీదుగా వచ్చిన పిల్లలు 'తాబ్ల్' అనాల్సిన చోట 'టేబుల్' అంటారు. "టీ మర్చిపో, త రాసుకో" అంటే ఒక్క రోజులో మాట మారిపోతుంది. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్నను మళ్లీ వాడుకలోకి తెచ్చాను. బోఁ, వాఁ, వేఁ అని బోర్డు మీద రాస్తే ఈ తరం పిల్లలు ఆ గుర్తేమిటని అడుగుతారు. చెప్పాక ఇష్టంగా రాసుకుంటారు. ఇక 'తు'లో ఉండే అచ్చు మనకు లేదు. దానికి లోపల 'ఈ' పలుకుతూ పైన పెదవుల్ని 'ఊ' కోసం చుట్టాలి. అద్దం ముందు వారం రోజులు చేయాల్సిందే.

మర్యాద సంగతి ఇంకా దగ్గరిది. టెఫ్‌లో మాట్లాడే పరీక్ష రెండు భాగాలు. మొదటి ఐదు నిమిషాలు ఒక ప్రకటన చూసి, ఫోన్ చేసినట్టుగా తెలియనివాళ్లను వివరాలు అడగాలి. తర్వాతి పది నిమిషాలు స్నేహితుణ్ణి ఒక పనికి ఒప్పించాలి. మొదటిదానికి 'వూ', రెండోదానికి 'తు'. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లు రెండూ కలిపేస్తారు. తెలుగులో ఆలోచిస్తే మీరు, నువ్వు వాటంతటవే సర్దుకుంటాయి.

ఆ మొదటి భాగంలోనే ఒక మానుకోట అబ్బాయి రెండు ప్రశ్నలడిగి ఆగిపోయేవాడు. ఎంత, ఎప్పుడు, అంతే. "మీ నాన్న కేసముద్రం మార్కెట్లో మిర్చి అమ్మేముందు అడ్తిదారును ఏమేం అడుగుతాడో తెలుగులో చెప్పు" అన్నాను. ఇక ఆగలేదు. రేటెంత, తరుగెంత తీస్తారు, కమీషన్ ఎంత, కాంటా ఎప్పుడు పెడతారు, పైసలు ఇవ్వాళే ఇస్తరా, చెక్కా నగదా, నిన్నటి సరుకు ఎంతకు పోయింది, మిగిలింది ఎక్కడ పెట్టుకోవాలి. అన్నీ రాయించి, ఒక్కొక్కటీ సైకిల్ అద్దెకిచ్చే ప్రకటనకు మార్చుకున్నాం. తరుగు స్థానంలో అడ్వాన్సులో కోత, కాంటా స్థానంలో దుకాణం తెరిచే వేళ. అడగడం ఆ ఇంట్లో పుట్టి పెరిగిన విద్య. ఫ్రెంచ్ మాటలు మాత్రమే కొత్త. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం ఫ్రెంచ్ సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకుని, జవాబులు బట్టీ పట్టి బయటికొచ్చిన పట్నం పిల్లల కంటే ఈ అబ్బాయి ముందుకు పోయాడు.

ఇంగ్లిష్ మధ్యవర్తిత్వం లేకుండా తెలుగుకూ ఫ్రెంచ్‌కూ మాటలు నడిచిన కాలం ఉంది. 18వ శతాబ్దంలో తెలుగు నేల మీద పనిచేసిన ఫ్రెంచ్ జెసూట్ పాద్రీ గస్తోఁ కేర్దూ తెలుగు-ఫ్రెంచ్-సంస్కృత నిఘంటువు కూర్చారు. ఫ్రెంచివాళ్లు 1723లో యానాంలో అడుగుపెట్టారు, వాళ్ల పాలన 1954 దాకా సాగింది. దాన్ని భారత్‌కు అప్పగించే ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చినప్పుడు, అక్కడి ఫ్రెంచ్ జాతీయులు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా కోరుకుంటే ఆ జాతీయత నిలుపుకునే వీలుండేది. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే ఇంటికి ఆ కాగితం చాలింది.

ఇప్పుడు అలా కాదు. ఫ్రాన్స్ పౌరసత్వం కోరేవాళ్లకు 2026 జనవరి 1 నుంచి బీ2 స్థాయి కావాలి, పౌర పరీక్ష కూడా పాస్ కావాలి. 45 నిమిషాల్లో 40 ప్రశ్నలు, కనీసం 32 ఒప్పు రావాలి. ఆపైన ప్రిఫెక్చర్‌లో అధికారి ఎదురుగా ఇంటర్వ్యూ. కెనడాలో అయితే 20 ప్రశ్నల్లో 15 చాలు. కానీ నాకు ఎక్కువ శ్రద్ధ ఫ్రెంచ్ ఇంటర్వ్యూ మీదే, ఎందుకంటే అక్కడ అడిగేది మనిషి గురించి. ఎందుకు వచ్చావు, ఏం చేస్తున్నావు, ఈ దేశంతో నీకేం సంబంధం. బట్టీ పట్టిన జవాబు అక్కడ రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

భూపాలపల్లిదే ఇంకో అమ్మాయి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఇంజనీరు. ప్రజాస్వామ్యం అంటే మీకేమిటని నేను అధికారిలా అడిగితే, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని పుస్తకంలో ఉన్నదంతా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. "నువ్వు చూసింది చెప్పమ్మా" అన్నాను. "నేనేం చూశాను మేడం, మా నాన్న బాయి పనోడు" అంది. ఆ బొగ్గు బాయి సంగతే చెప్పమన్నాను.

సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు 1998లో మొదలయ్యాయి. బొగ్గు తవ్వేవాళ్లు రహస్య బ్యాలెట్‌తో తమ సంఘాన్ని ఎన్నుకుంటారు. ఆ అమ్మాయి మొదట తెలుగులో చెప్పింది. ఓట్ల రోజు వాళ్ల నాన్న షిఫ్టు దిగి లైన్లో నిలబడడం, ఆయన వెనుకే ఒక ఆఫీసు క్లర్కు నిలబడడం, ఇంటికొచ్చాక ఎవరికి వేశావని అమ్మ ఎంత అడిగినా ఆయన చెప్పకపోవడం. తర్వాత అదే ఫ్రెంచ్‌లో, చిన్న చిన్న వాక్యాల్లో, కాగితం చూడకుండా. మధ్యలో ఆగింది, మాట దొరికాక మళ్లీ అందుకుంది. గనిని మాత్రం పుంలింగం చేసింది. మనకు వస్తువులన్నీ ఒకటే కాబట్టి అది చివరిదాకా వేధించే కష్టం. 'ల మిన్' అని దిద్ది, ఇంకోసారి మొదటి నుంచి చెప్పమన్నాను.