ఏటిరా ఇది?

కృష్ణారెడ్డి అంటే మనలో చాలామందికి సినిమా డైరెక్టరే గుర్తొస్తాడు. నేను చెబుతున్నది 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, 2018లో న్యూయార్కులో తొంభై మూడేళ్ల వయసులో పోయిన కృష్ణారెడ్డి గురించి. ప్రపంచంలో ఎక్కడ ప్రింట్‌మేకింగ్ నేర్పినా ఆయన పేరు రాకుండా పాఠం పూర్తికాదు. తెలుగులో మాత్రం ఆయన గురించి చదవాలంటే చాలా వెతుక్కోవాలి.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివాడు. అడయారు కళాక్షేత్రంలో కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు. లండన్‌లో స్లేడ్ స్కూలు, తర్వాత పారిస్‌లో శిల్పి జాడ్‌కిన్, ఆ తర్వాత స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెల్యే 17. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చినవాళ్లు ఒకే ప్రెస్సు చుట్టూ నిలబడి పనిచేసే వర్క్‌షాప్ అది. కృష్ణారెడ్డి అక్కడ విద్యార్థిగా చేరి, హేటర్‌తో పాటు దాన్ని నడిపేదాకా ఎదిగాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆ దశాబ్దంలోనే న్యూయార్క్ వెళ్లి అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ ఉండిపోయాడు.

ఇలా చెబితే బయోడేటాలా ఉంటుంది. అసలు సంగతి ఆయన రంగుల్తో చేసిన పని.

మామూలుగా రేకు మీద చెక్కి రంగుల అచ్చు తీయాలంటే ఒక్కో రంగుకి ఒక్కో రేకు కావాలి. వాటిని ఒకదానిమీద ఒకటి గీత తప్పకుండా దింపాలి. అటెల్యే 17లో కృష్ణారెడ్డి, కైకో మోతీ, హేటర్ కలిసి అన్ని రంగుల్నీ ఒకే రేకు మీదకి తెచ్చారు. జింకు రేకుని వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. అట్టడుగు గాడుల్లో ఒక రంగు నింపి పైన తుడిచేస్తారు. అవిసె నూనె ఎక్కువ కలిపి పలచన చేసిన రంగుని గట్టి రోలర్‌తో పూస్తే మెరకకి మాత్రమే అంటుతుంది. తర్వాత నూనె తక్కువున్న చిక్కటి రంగుని మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే, ఆ మెత్తదనం వల్ల పల్లంలోకి దిగుతుంది. మెరక మీద ముందే ఉన్న నూనె రంగు మాత్రం దాన్ని తన మీద నిలవనివ్వదు. రెండూ పక్కపక్కనే తడిగా ఉన్నా కలవవు. కాగితం పెట్టి ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే అన్ని రంగులూ ఒకేసారి దిగుతాయి. తెలుగులో చెప్పాలంటే, చిక్కదనంలో తేడాతో వేసే అచ్చు.

1963 నాటి 'వర్ల్‌పూల్' ప్రింటుని ఫోన్‌లో మా చిన్నాన్నకి చూపించాను. చిన్నాన్న కొత్తవలసలో బోర్డులు రాసేవాడు. కిళ్లీకొట్టు, సైకిల్ షాపు, ఎరువుల దుకాణం, ఎన్నికలొస్తే గోడలు. ఫ్లెక్స్ వచ్చాక పని పోయింది.

"ఏటిరా ఇది?" అన్నాడు. నేను జవాబు వెతుక్కుంటుండగానే బొటనవేలూ చూపుడువేలూ పెట్టి బొమ్మ పెద్దది చేశాడు. "ఈ నీలం, ఈ పసుపూ తడిమీదే పడ్డాయి. మరి కలిసిపోలేదేటి? అడుగుది పలచన చేసీసి, పైది చిక్కగా ఉంచీసినాడేటి?"

నేను నాలుగు వ్యాసాలు చదివితే తెలిసింది ఆయనకి ఒక్క చూపులో తెలిసింది. ఎనామిల్‌లో టర్పెంటైన్ ఎంత పోస్తే అక్షరం కారిపోతుందో, ఎంత తగ్గిస్తే బ్రష్ లాగదో ముప్పై ఏళ్లు చేతికి తెలిసిన మనిషి. "పనోడురా ఈడు" అన్నాడు. కళాకారుడు అనలేదు. మా చిన్నాన్న దృష్టిలో పనోడు పెద్ద మాట.

ఇలాంటి బొమ్మల్ని మనం నైరూప్య చిత్రాలంటాం. రూపం లేనివని. ఆ మాటతోనే చూసేవాణ్ణి గుమ్మం దగ్గర ఆపేస్తున్నామనిపిస్తుంది. వర్ల్‌పూల్‌లో రూపం లేకపోవడమేమిటి? గీత ఉంది, సుడి ఉంది, లోతు ఉంది. లేనిది పేరు మాత్రమే. ఇది చెట్టు, ఇది ఆవు అని తేల్చుకుని పక్కకి తిరిగే వీలు లేదు, అంతే. నిజానికి కృష్ణారెడ్డి లోకాన్ని పూర్తిగా వదిలేసినవాడు కూడా కాదు. చేప, అల, సీతాకోకచిలుక, 1968 పారిస్ విద్యార్థుల ఊరేగింపు, సర్కస్ బఫూన్, అన్నీ వచ్చాయి. కానీ వాటి పైతోలు కన్నా వాటిలోపలి కదలికే ఆయనకి కావాలి.

ఇక్కడ ఘనా చిత్రకారుడు అట్టా క్వామీ గుర్తొస్తాడు. 1956లో పుట్టి 2021లో పోయాడు. ఆయన చిత్రాల్లో చారలూ గళ్లే ఉంటాయి. అవి కెంటే నేతలోంచీ, కుమాసీ వీధుల్లోని రంగుల బడ్డీకొట్లలోంచీ వచ్చాయి. ఆయన కుమాసీ చిత్రకళ మీద ఒక పుస్తకం రాశాడు. అందులో కాలేజీలో చదువుకున్న చిత్రకారులతో పాటు వీధిలో బోర్డులు రాసేవాళ్లకీ చోటిచ్చాడు. తన అమూర్త చిత్రానికీ, వీధిలో పెయింటరు చేతిపనికీ మధ్య గోడ కట్టుకోలేదు.

మన దగ్గర ఆ గోడ ఉంది. చిన్నాన్న రాసిన బోర్డుల్లో ఒక్కదాన్నీ ఎవరూ దాచలేదు. రేకుల్ని పాత ఇనుముకి వేసేశారు, గోడలకి సున్నం కొట్టేశారు. కిరండూల్ లైను మా ఊళ్లోనే మెయిన్ లైనులో కలుస్తుంది. ఇనుప ఖనిజం వేసుకొచ్చే వ్యాగన్లు రోజూ కనిపిస్తాయి. వాటికి పట్టే ఎరుపు తనకి ఏ డబ్బాలోనూ దొరకలేదని చిన్నాన్న అనేవాడు. కావి, ఎరుపు, కొంచెం నలుపు కలిపి ప్రయత్నించేవాడట. ఏ గిరాకీ అడగని రంగు కోసం ఆయన పడిన ఆ కష్టాన్ని ఏమనాలో మా ఇంట్లో ఎవరికీ తెలీలేదు. "పిచ్చి" అనేవారు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2016లో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి పనినీ ఒకచోట చూపించింది. నేను ఆయన ప్రింటు ఒక్కటీ కళ్లారా చూడలేదు. ఫోన్‌లో రంగు తెలుస్తుంది గానీ, కాగితం మీద ఉబ్బిన గీత తెలియదు. ఆయన శిల్పిగా కూడా చదువుకున్నవాడు, రేకుని శిల్పంలాగే చెక్కాడు. అది తెలియాలంటే వేలికి తగలాలి, లేదా కనీసం పక్కనుంచి వెలుతురు పడాలి.

చిన్నాన్న ఈమధ్య ఇంకో ప్రశ్న అడిగాడు. "బొమ్మ కాదురా, ఆ రేకు ఫొటో ఉందేటి? ఎంత లోతు తవ్వినాడో సూద్దును."

వెతుకుతున్నాను. రేకు ఎంత లోతుందో నాకూ చూడాలనుంది.