వదిన బేరాలు

మే 28, 2025, బుధవారం. హోసూరు

అన్నయ్య, వదిన పొద్దున విజయవాడ నుంచి దిగారు. కాఫీ గ్లాసు చేతికివ్వగానే వదిన అడిగింది, "మీ ఊరినుంచి పట్టుకెళ్ళడానికి ఏం దొరుకుతాయి?" చప్పున జవాబు తోచలేదు. మైసూరుకి సిల్కుంది, తిరుపతికి లడ్డూ ఉంది, ఏటికొప్పాకకి లక్కబొమ్మలున్నాయి. హోసూరు నుంచి దేశమంతా తిరిగే వస్తువంటే టైటాన్ వాచీ. దాని పెట్టె మీద ధర అచ్చేసి ఉంటుంది కాబట్టి వదినకి అందులో సరదా లేదు. ఇక్కడి గులాబీలు విమానాలెక్కి పరదేశాలు పోతాయి గానీ, రైల్లో వేసుకుంటే విజయవాడ చేరేలోపు తలలు వాల్చేస్తాయి.

సాయంత్రం మల్లెపూలకి వెళ్ళాం. మూర నలభై అంది పూలావిడ. "ఇరవై చేసుకో" అంది వదిన. విజయవాడ బీసెంట్ రోడ్డు బజారు అలవాటు. పూలావిడ మాకు జవాబివ్వకుండా పక్కావిడకి పూలు తెంపడం మొదలెట్టింది.

దండని మోచేతి దగ్గర పట్టి నడిమి వేలి చివరిదాకా లాగితే మూర. ఆ వేళ్ళు కాస్త ముడిస్తే రెండంగుళాలు మిగులు. అంతకన్నా అల్లిక ముఖ్యం. పువ్వుకీ పువ్వుకీ మధ్య వేలు దూరేంత సందుంటే మూరెడు దండలో ఉండేవి గుప్పెడు పూలే. "అక్కా, చెయ్యి బాగా చాపి కొలువు" అన్నాను. నవ్వి, కొలిచిన చోటు దాటి ఇంకో బెత్తెడు వదిలి తెంపింది. రేటు నలభయ్యే.

మే 30, శుక్రవారం

బక్రీద్ వచ్చే శనివారం. కుందారపల్లి మేకల సంత చూడాలని అన్నయ్య ముచ్చట. హోసూరు నుంచి కృష్ణగిరి పోయే దారిలోనే. కారు ఆపుకోవడానికే చోటు లేదు.

ఇక్కడ త్రాసు లేదు. కొనేవాడు మేకని నడుం దగ్గర పట్టి ఒకసారి పైకెత్తి దించుతాడు. వెన్ను మీద బొటనవేలు నొక్కుతాడు. పెదవి విప్పి పళ్ళు చూస్తాడు. ఖుర్బానీకి ఏడాది నిండిన మేక కావాలి, కింది దవడలో రెండు పెద్ద పళ్ళు వస్తే నిండినట్టు. ఇవన్నీ అయ్యాకే ధర ఊసు.

ఓ మూల ఇద్దరు పెద్దవాళ్ళు చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని నిలబడ్డారు. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడుతున్నారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత, అది వందలో వేలో వాళ్ళిద్దరికీ ముందే ఎరుక. మొహాల్లో ఏమీ కనిపించదు. ఒకరు చెయ్యి విదిలించుకుంటారు, దళారి మళ్ళీ తెచ్చి కలుపుతాడు. పాత పశువుల సంతల పద్ధతి ఇది. చుట్టూ నిలబడ్డవాళ్ళకి ధర తెలియకూడదు. తెలిస్తే తర్వాతి బేరం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

వదినకి ఇది నచ్చలేదు. "నోరు లేని బేరం బేరమేనా?" అంది.

జూన్ 1, ఆదివారం. పోచంపల్లి సంత

పేరు చెప్పినప్పటి నుంచీ వదిన చీర రంగు ఆలోచిస్తోందట. ఇది ఇక్కత్ నేసే ఊరు కాదని, అది తెలంగాణలోని భూదాన్ పోచంపల్లి అని, 1951లో వినోబా భావే అడిగితే భూమి దానమిచ్చిన ఊరని అన్నయ్య దారంతా పాఠం చెప్పాడు. కృష్ణగిరి దాటాక వచ్చే ఈ పోచంపల్లిలో దొరికేవి చింతపండు, వేరుశనక్కాయలు, రాగులు, ఉలవలు, కొడవళ్ళు, పలుపుతాళ్ళు, కుండలు, నాటుకోళ్ళు. వదిన మొహం పది నిమిషాలు మబ్బేసింది. చింతపండు రాశి చూశాక తేరుకుంది.

గింజ తీసిన చింతపండు కిలో నూట నలభై అంది ముసలవ్వ, మమ్మల్ని ఎగాదిగా చూసి తెలుగులోనే. ఎదురుగా ఎవరొచ్చారో చూసి తమిళమో, తెలుగో, కన్నడమో మొదటి మాట ఎంచుకోవడం ఇక్కడ అమ్మేవాళ్ళకి చిన్నప్పుడే వస్తుంది. వదిన తడుముకోకుండా డెబ్భై అంది.

"ఆ ధరకి నువ్వే చెట్టెక్కి రాల్చుకో తల్లీ. ఇంక తగ్గించేకి కాదు."

పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. వదిన చెవులు ఎర్రబడ్డాయి. చెప్పిన ధరలో సగానికి అడగాలన్నది ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి అందరూ ఇచ్చే సలహా. చార్మినార్ పక్కన లాడ్ బజారులో గాజులకి అది చెల్లుతుంది. అక్కడ కొట్టువాడు మనల్ని మళ్ళీ చూడడు. మనం సగానికి అడుగుతామని తెలుసు కాబట్టే రెట్టింపు చెబుతాడు. ఇక్కడ అవ్వ దగ్గర కొనేవాళ్ళు వచ్చే ఆదివారం కూడా వస్తారు. ఎక్కువ చెబితే ఆ వరస మొత్తం పక్క రాశికి జరుగుతుంది. పొద్దున్నే దళారులు సంచులు దించుకున్నప్పుడే ఆ రోజు ధర ఒకటి అందరి నోళ్ళలోనూ పడిపోతుంది. అవ్వ చెప్పిన దాంట్లో మహా అయితే పది రూపాయల వెసులుబాటు ఉంటుంది, అదీ బోణీ వేళ. మేం వెళ్ళేసరికి పదకొండయింది.

"అడగనిదే అమ్మైనా పెట్టదు గదా" అని గొణిగింది వదిన. నిజమే, కానీ ఏం అడగాలో తెలియాలి. వేరుశనక్కాయల దగ్గర నేను ముందు నడిచాను. నాలుగు కాయలు ఒలిచి నోట్లో వేసుకున్నాను. గింజ నిండుగా ఉందా, పొల్లు ఎంత పోతుందన్నది చూడాలి. ధర ఒప్పుకుని రెండు కిలోలు తూయించాను. సంచిలో పోశాక, డబ్బు తీయకముందు, "కొసరు వెయ్యవా అన్నా?" అన్నాను. దోసిలి నిండా రెండుసార్లు పోశాడు, ఏ మాటా అనకుండా. అవి పావుకిలోకి దగ్గరగా ఉంటాయి. అదే విలువకి రూపాయలు తగ్గించమని అడిగి ఉంటే అరగంట వాదన. రాశిలోంచి దోసెడు తీయడం అతనికి మర్యాద. చెప్పిన అంకె దించడం నలుగురిలో నామర్దా, దళారికి లెక్క కూడా చెప్పుకోవాలి.

వదిన ఇట్టే పట్టేసింది. అదే అవ్వ దగ్గరికి తిరిగి వెళ్ళి, నూట నలభైకే కిలో చింతపండు తీసుకుని, కొసరు అడిగింది. అవ్వ ఓ ముద్ద తెంచి పెట్టి, "ఇదిగో, చెట్టెక్కినందుకు" అంది.

చింతపండు గురించి రాసుకోవాల్సింది ఒకటుంది. పిడికిట్లో గట్టిగా నొక్కి వదలాలి. అరచెయ్యి తడిస్తే నీళ్ళకి డబ్బిస్తున్నట్టు. చీల్చి చూస్తే ఈనెలు, పీచు ఎంత మిగిలాయో తెలుస్తుంది, తూకంలో అవీ ఉంటాయి. రంగు ఎర్రగా ఉంటే ఈ ఏటిది, నల్లబడితే పాతది. పులుసుకి పాతదే మేలనేవాళ్ళున్నారు, నేను వాళ్ళతో వాదించను.

డబ్బు ఫోన్లో కొట్టగానే వేరుశనక్కాయలతని స్పీకర్ పెట్టె మేమిచ్చింది ఎంతో తమిళంలో సంతంతా వినపడేలా అరిచింది. మొన్నటి తుండుగుడ్డ గుర్తొచ్చి అన్నయ్య ఒకటే నవ్వు. చిల్లర లేదని మూడు రూపాయలు వదిలేసుకునే పాత బేరం మాత్రం ఆ పెట్టెతో పోయింది.

జూన్ 3, మంగళవారం

గుడికొండ. చంద్రచూడేశ్వరుడి దర్శనం అయ్యాక వదిన చెక్కబొమ్మల దగ్గర ఆగింది. "ఇవి హోసూరువా?" కాదు, కర్ణాటకలోని చన్నపట్నవి. అన్నయ్య ఆ బొమ్మల చెక్క గురించి చెప్పాడు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర అంటామే, అదే చెట్టు. తిరిగే చెక్కకి లక్క కర్రని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి పడుతుంది. కాబట్టి అసలైన బొమ్మ మీద కుంచె గీతలుండవు, గోటితో గీకితే పెచ్చు లేవదు. ఒకటి కొంది. బేరం ఆడలేదు, ఎండకి ఓపిక లేక.

నీళ్ళ సీసాకి మాత్రం అచ్చేసిన ధర మీద ఐదు ఎక్కువ అడిగారు. అక్కడ బేరం ఏముంది? అచ్చు చూపించి అంతే ఇచ్చాను. దానికన్నా ఎక్కువ తీసుకోకూడదని చట్టమే ఉంది.

జూన్ 5, గురువారం

కృష్ణగిరిలో మామిడిపండ్లు. బెంగళూరు నుంచి వచ్చే కార్లు చెన్నైకీ సేలానికీ విడిపోయే ఊరు కాబట్టి రోడ్డు పక్క కొట్లు వరసగా ఉంటాయి. బండి నంబరు చూసి ధర చెబుతారని అనుమానం. ఇలాంటి చోట్ల వదిన పద్ధతే పనికొస్తుంది, మళ్ళీ రాని కొనుగోలుదారు కదా. నేను పక్కకి తప్పుకున్నాను. అల్ఫాన్సో, మల్గోవా, సెందూరం బుట్టలు మూడూ కలిపి అడిగి, రెండడుగులు వెనక్కి నడిచి, మళ్ళీ పిలిపించుకుని, వాళ్ళు చెప్పిన దాంట్లో మూడోవంతు తగ్గించింది. బీసెంట్ రోడ్డు చదువు ఊరికే పోలేదు.

పండు మాత్రం నేను చూశాను. తొడిమ దగ్గర వాసన రావాలి. కాయంతా ఒకే పసుపుతో మెరుస్తూ, వాసన లేకుండా, లోపల గట్టిగా ఉంటే కార్బైడ్ అనుకోవాలి. దాంతో మగ్గించడం నిషేధం. గడ్డిలో మగ్గిన పండుకి తొడిమ చుట్టూ ఆకుపచ్చ కాస్త మిగులుతుంది.

జూన్ 23, సోమవారం

వాళ్ళు వెళ్ళి రెండు వారాలు దాటింది. తోతాపురి కాయ తోట దగ్గర కిలో ఐదు రూపాయలకి దిగిందని పాలవాడు చెప్పాడు, అతని బావకి తోటుంది. జూన్ 7న చిత్తూరు కలెక్టరు బయటి రాష్ట్రాల తోతాపురి రాకుండా ఉత్తర్వు ఇచ్చాక ఇక్కడి కాయకి ఆ జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల దారి మూసుకుంది. ఆంధ్రలో రైతుకి కిలోకి ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం పన్నెండు అన్నారు. సరిహద్దుకి ఇవతల తమిళనాట తెలుగు మాట్లాడే రైతుకి ఆ పన్నెండు లేదు. కోత కూలి, బండి బాడుగ పోతే ఐదు రూపాయల్లో ఏం మిగులుతుంది? కాయ కోయించకుండా వదిలేస్తున్నారట.

అదే వారం రోడ్డు పక్క కొట్లో తోతాపురి కిలో ముప్ఫై. కోసి, ఉప్పూ కారం చల్లితే ముక్కలు ఇరవై. ఇక్కడ ఆడాల్సిన బేరం ఎవరితోనో వదినని ఫోన్లో అడుగుదామనుకుని మానేశాను.

జూన్ 27, శుక్రవారం

ఆషాఢం మొదలయింది. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు లేవు. కనకాంబరాలు, చామంతులు చవక. పూలావిడ అడక్కుండానే కొసరు వేసింది, పొద్దుపోతే వాడిపోయే సరుకు.

జూలై 18, శుక్రవారం

నిన్న తమిళుల ఆడి నెల మొదలయింది. ఇవాళ మొదటి ఆడి శుక్రవారం, అమ్మవారి గుళ్ళన్నీ కిటకిట. మనకి ఇంకా ఆషాఢమే. మల్లె మూర డెబ్భై. కొసరు అడిగితే పూలావిడ, "ఈ పొద్దు నన్నడగద్దు అక్కా, మారియమ్మనడుగు" అంది, తల కూడా ఎత్తకుండా.

రాత్రి వదిన ఫోను. చింతపండు అయిపోవచ్చిందట, ఎదురింటావిడకి కూడా రెండు కిలోలు కావాలట. "ఆవిడకి నూట ఇరవైకి కొన్నానని చెప్పాను, నువ్వు మాట మార్చకు" అంది.