రిచ్చీ వీథిలో ఒక శనివారం

చెన్నపట్నం వచ్చిన బంధువులకు మనం సముద్రతీరం చూపిస్తాము, మైలాపూరు కోవెల చూపిస్తాము. రిచ్చీ వీథికి తీసుకొనిపోయి చూపించిన వారిని నేనెరుగను. నేనైతే పదమూడేండ్లపాటు ఆ వీథి పేరే ఎత్తకుండా గడిపాను. కారణం తర్వాత మనవి చేస్తాను.

మౌంటురోడ్డుకు అణ్ణాశాలై అని పేరు మారి ఎన్నో ఏండ్లయినా మా పెద్దవాళ్ల నోట అది ఇంకా మౌంటురోడ్డే. ఆ రోడ్డునుంచి చింతాద్రిపేట వైపు చీలిన ఇరుకు సందు రిచ్చీ వీథి. పక్కనున్న నరసింగపురం వీథిని, మీరాన్ సాహెబు వీథిని కూడా కలుపుకొని జనం అంతటినీ రిచ్చీ వీథి అనే అంటారు. ఒకప్పుడు రేడియో సామాన్లకు పేరుమోసిన చోటు. మా నాయన తన రేడియో మూగపోయినప్పుడల్లా ఇక్కడికే వచ్చేవాడు. రాత్రిపూట బెజవాడ స్టేషను వినపడకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు ఆ అంగళ్లలో రేడియోలు లేవు. అంతా కంప్యూటరు సామానే.

2024 జూలైలో మా చిరంజీవితో కలిసి అక్కడికి పోవలసివచ్చింది. పరీక్షలో మంచి మార్కులు తెస్తే కంప్యూటరు కొనిపెడతానని వాళ్లమ్మ మాట ఇచ్చింది. వాడు తెచ్చాడు. ఆమె చీటీ పాడి ఎనభై వేల రూపాయలు నా చేతిలో పెట్టింది. వాడడిగింది మామూలు కంప్యూటరు కాదు, ఆటలాడే కంప్యూటరు. "ఆటకు ఎనభై వేలా?" అన్నాను. "దానిమీదే చదువూ సాగుతుంది నైనా. తయారుగా ఉన్నది కొంటే ఎవడో కూర్చిన కూర్పు. మనమే భాగాలు ఏరుకుంటే మన డబ్బు మనకు కావలసినచోట పడుతుంది" అన్నాడు. ఆ మాట నా గుమాస్తా బుద్ధికి నచ్చింది.

పెరంబూరులో లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, అక్కడ భూమిలోపల పోయే మెట్రో ఎక్కితే గవర్నమెంట్ ఎస్టేట్ ఒక్క స్టేషను దూరం. పైకి వచ్చి రోడ్డు దాటితే చాలు. దారిలో వాడికి చింతాద్రిపేట కథ చెప్పాను. 1734 ప్రాంతంలో సుంకురామ అనే వర్తకుని తోట ఉన్నచోట కుంఫిణీవారు నేతగాళ్లకోసం వేయించిన పేట అది. తరి అంటే అరవంలో మగ్గం. చిన్న తరిపేట చింతాద్రిపేట అయిందంటారు. "అయితే అప్పుడూ ఇక్కడ పోగులు ఏరి కూర్చేవాళ్లేనన్నమాట" అన్నాడు కుర్రవాడు. నేను చిన్నగా నవ్వాను.

వీథిలో అడుగుపెడితే ఊపిరాడదు. ఆరడుగుల అంగడి, కప్పుదాకా అట్టపెట్టెలు, భుజంమీద మూట మోస్తూ పరుగెత్తే కుర్రాళ్లు, మధ్యలో దారి అడిగే స్కూటర్లు. మా వాడు కాగితం తీశాడు. నేను కళ్లజోడు పెట్టుకొన్నాను.

మొదట ప్రాసెసరు. ఇది కంప్యూటరుకు మెదడు. వాడు ఎంచినది రైజెన్ 5 7600. అందులో ఆరు కోర్లు, అంటే ఏకకాలంలో పనిచేసే ఆరుగురు గుమాస్తాలు. చల్లబరచే పంకా దానితోనే వస్తుంది కాబట్టి ఆ ఖర్చు తప్పింది. ధర పద్దెనిమిది వేలు. దీనికి తగిన మదర్‌బోర్డు పన్నెండు వేలు. ప్రాసెసరు కూర్చునే గూడు అన్ని బోర్డులకూ ఒకటి కాదు. దీనిది ఏఎమ్5 అనే గూడు. దీనికంటే పాతదైన ఏఎమ్4 చౌకే, కాని రేపు కొత్త ప్రాసెసరు వేయాలంటే బోర్డునూ మార్చుకోవాలి. మేడ వేసే ఉద్దేశమున్నవాడు పునాదిలో పిసినారితనం చేయడు గదా.

తర్వాత మెమరీ, పదహారు జీబీ. ఒకటే పదహారు కొనక రెండు ఎనిమిదులు కొనాలన్నాడు. ఎందుకని అడిగితే, "పంపు దగ్గర అమ్మ ఒక్క బిందెతో నీళ్లు మోస్తుందా, రెండు చేతులా రెండు బిందెలతో మోస్తుందా?" అన్నాడు. బోధపడింది. అప్పుడవి అయిదు వేలు. 2025 చివరలో మెమరీ ధరలు అమాంతం ఎగిసినప్పుడు, ముందే కొన్నందుకు మా ఆవిడ ఆ ఘనత తన చీటీదే అన్నది. ఆటలూ పాఠాలూ దాచే ఎస్.ఎస్.డి. ఒక టెరాబైటు, ఆరు వేలు.

ఇక అసలు ఖర్చు గ్రాఫిక్సు కార్డు. తెరమీద అడ్డంగా 1920, నిలువునా 1080 చుక్కలు. గుణిస్తే 20,73,600. ఆట సాఫీగా కనబడాలంటే సెకనుకు అరవైసార్లయినా ఆ చుక్కలన్నిటికీ రంగు దిద్దాలి. అక్కడే కాగితంమీద లెక్కవేశాను. పన్నెండు కోట్ల నలభైనాలుగు లక్షలపైన. ఒక్క సెకనులో! మా ఆఫీసంతా కూర్చుని ఏడాది రాసినా ఆ పద్దు తేలదు. ఆ కార్డుకు సొమ్ములో మూడోవంతుపైగా పోతుందంటే ఇక ఆశ్చర్యపడలేదు.

పేచీ అక్కడే వచ్చింది. కాగితంమీద ఉన్నది ఆర్టీఎక్స్ 4060, ఇరవైతొమ్మిది వేలు. అంగట్లో దాని అన్న 4060 టీఐ కనబడింది, ముప్పైఎనిమిది వేలు. వాడి కళ్లు దానిమీదనుంచి రాలేదు. గబగబా లెక్క మార్చాడు. బోర్డులో రెండువేలు తగ్గించాడు. నాలుగున్నర వేల కరెంటు పెట్టె, అదే ఎస్.ఎమ్.పి.ఎస్., కొట్టివేశాడు. రంగురంగుల దీపాలూ అద్దపు తలుపూ ఉన్న మూడువేల క్యాబినెట్టు చూపించి, "దీంతో ఎస్.ఎమ్.పి.ఎస్. ఉచితం నైనా! అన్నీ కలిపి సరిగ్గా ఎనభై వేలు" అన్నాడు.

ఉచితం అన్నమాట వినగానే నా కాళ్లు ఆడలేదు. "టీ తాగుదాం రా" అని వాడిని బయటికి తీసుకొనివచ్చాను.

2009లో నేను ఈ వీథిలోనే ఒక కంప్యూటరు కూర్పించాను. వాడప్పటికి మూడేండ్లవాడు. ఆనాడు ఆరువందల రూపాయలు మిగులుతాయని, పెట్టెతో ఉచితంగా వచ్చిన ఎస్.ఎమ్.పి.ఎస్. చాలుననుకొన్నాను. 2011 వానల్లో ఒకరాత్రి కరెంటు పోయి వచ్చింది. పెట్టెలోనుంచి పొగ లేచింది. బోర్డు పోయింది, దానితో హార్డుడిస్కూ పోయింది. ఆ డిస్కులో మా నాయన గొంతు ఉండేది. మనవాళ్లు ఏ ఊరినుంచి ఈ పట్నం వచ్చారో, దారిలో ఎక్కడెక్కడ ఆగారో ఆయన చెప్పగా క్యాసెట్లలో పట్టి, దానిలోకి ఎక్కించాను. క్యాసెట్లు బూజుపట్టాయని పారవేశాను. అప్పటికి ఆయన పోయి మూడేండ్లు. ఇంట్లో అందరికీ కరెంటువాళ్లది తప్పని చెప్పాను. ఆరువందల సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆవేళ టీ గ్లాసు చేతిలో పెట్టుకొని వాడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాత గొంతు ఎట్లా ఉండేది నైనా?" అన్నాడు. ఇంటి బయట నాతో అరవంలోనే మాట్లాడే కుర్రవాడు తెలుగులో అడిగాడు. ఏం చెప్పను? "కొంచెం బొంగురు. వాక్యం చివర 'కదరా' అనేవాడు" అన్నాను. అంతకుమించి చెప్పడానికి నాకు చేతకాలేదు.

మళ్లీ అంగట్లోకి పోయాము. వాడే పాత కాగితం తీశాడు. 4060 కార్డే తీసుకొన్నాడు. అది తినే కరెంటు 115 వాట్లు, ప్రాసెసరుకు రాసినది 65. అయినా కార్డు చేసినవారు 550 వాట్ల ఎస్.ఎమ్.పి.ఎస్. ఉండాలంటారు, ఎప్పుడూ ఎడం ఉండాలి గనుక. 80 ప్లస్ ముద్ర ఉన్నది ఏరుకొన్నాము. గోడలోనుంచి తీసుకొన్న కరెంటులో నూటికి ఎనభై పాళ్లకు తక్కువ కాకుండా పనికి అందిస్తుందని దాని అర్థం. ముద్ర ఒక్కటే చాలదని, కరెంటు హెచ్చినా తీగలు కలిసినా తనంతట ఆగిపోయే రక్షణ ఉన్నదా అని వాడు పెట్టెమీద చదివి చూశాడు. అద్దపు క్యాబినెట్టు మాని ముందు జల్లెడలాంటి రేకు ఉన్నది తీసుకొన్నాడు. చెన్నపట్నం ఎండకు దీపాలకంటే గాలి ముఖ్యం గదా. అది నాలుగు వేలు. తెర ఇంట్లో పాతది ఉన్నది. మొత్తం డెబ్బైఎనిమిదిన్నర వేలు. ప్రతి వస్తువుకూ నంబరు వేయించి బిల్లు తీసుకొన్నాను. గ్యారంటీ అడిగేనాటికి మాట చెల్లదు, కాగితమే చెల్లుతుంది.

మిగిలిన పదిహేనువందలకు నా జేబులోనుంచి మూడువేలు కలిపి బయట తగిలించే హార్డుడిస్కు ఒకటి కొన్నాను. "ఇది జాబితాలో లేదే" అన్నాడు. "నీ ఆటకు కాదు" అన్నాను.

మరుసటి ఆదివారం ఇంట్లో వాడే అన్నీ బిగించాడు. మీట నొక్కితే పంకాలు తిరిగాయి. ఆ సాయంత్రమే వాడు డెబ్బైఎనిమిదేండ్ల మా అమ్మను తెచ్చి ముందు కూర్చోబెట్టి, తన ఆటకు వాడుకొనే మైకు ఆమె నోటిదగ్గర పెట్టాడు. "ఈ డబ్బాతో నేనేం మాట్లాడేదిరా?" అన్నది. "నీ పెండ్లి కథ చెప్పవ్వా" అన్నాడు. మొదలుపెడితే రెండుగంటలదాకా ఆపలేదు. అది కంప్యూటరులో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, రెండు చోట్ల ఉన్నది.

చదువరులలో పిల్లలకు ఇట్టి యంత్రం కూర్పించబోయేవారుంటే నేను చెప్పేది కొంచెమే. కనబడే భాగానికి ఖర్చుపెట్టమని పిల్లవాడు చెబుతాడు. కనబడని భాగానికి పెట్టవలసినది మనము. ఇంట్లో పెద్దవాళ్లుంటే కంప్యూటరు వచ్చేదాకా ఆగవద్దు. ఈ రాత్రే వారిచేత మాట్లాడించండి.